అతిథీ, బాటసారీ

అతిథి అనే మాటకు మన పండితులు చెప్పే వ్యుత్పత్తి ఒకటున్నది. రావటానికి తిథి నియమం లేనివాడు అతిథి. పోవటానికి తిథి నియమం లేనివాణ్ణి ఏమనాలో మాత్రం వాళ్లు చెప్పలేదు. అటువంటి చుట్టాలకు మన ఇళ్లలో ఆడవాళ్లు పెట్టే పేర్లు పత్రికలో అచ్చు వేసేవి కావు.

ఈ రెండో రకం అతిథులు కరిబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిలో చాలామంది ఉన్నారు. ఆ దీవిలో పడమటి మూడోవంతు హైతీ, మిగిలిన తూర్పు భాగం డొమినికన్ రిపబ్లిక్. ఈ తూర్పు దేశానికి 2023లో కోటి మందికి పైగా సందర్శకులు వచ్చారు. ఆ దేశపు జనాభా కూడా సుమారుగా అంతే. యాత్రికుడుగా వచ్చినవాడికి సాధారణంగా 30 రోజులు గడువు ఇస్తారు. ఎక్కువమంది వారం పది రోజులు ఎండకాగి పోతారు. కొందరు పోరు. ఉత్తర తీరాన సోసువాలోనూ, కబరేతెలోనూ, ఈశాన్యాన లాస్ తెర్రెనాస్‌లోనూ ఇల్లు తీసుకుంటారు, చిన్న హోటలో భోజనశాలో పెడతారు, లేదా స్వదేశం నుంచి వచ్చే పింఛనుతో కాలం గడుపుతారు. జర్మన్లు, కెనడియన్లు, ఫ్రెంచివాళ్లు, ఇటాలియన్లు, అమెరికన్లు. నెలల తరబడి, ఏళ్ల తరబడి యాత్రికులుగానే ఉంటారు. ఎప్పుడో స్వదేశానికి బయలుదేరిన రోజున విమానాశ్రయంలో ఒక పట్టిక చూపిస్తారు: ఇన్ని నెలలు ఎక్కువ ఉంటే ఇంత, ఇన్ని సంవత్సరాలైతే ఇంత. రుసుము కట్టి విమానం ఎక్కటమే. కాలేజీ గ్రంథాలయంలో పుస్తకం ఆలస్యంగా తిరిగిచ్చినందుకు కట్టే జరిమానా వంటిది. నేరమన్న భావం ఇచ్చేవాడికీ లేదు, పుచ్చుకునేవాడికీ లేదు.

అదే దేశంలో గడువు దాటిన పరదేశులు మరికొందరున్నారు. వాళ్లు పడమటి నుంచి భూమి మీదుగా వచ్చినవాళ్లు. చెరకు నరికేవాళ్లు, మేస్త్రీల కింద సిమెంటు మోసేవాళ్లు, ఆ హోటళ్లలోనే అంట్లు తోమేవాళ్లు. వాళ్లకు పట్టిక లేదు. ఇనుప చట్రాలు బిగించిన లారీ ఉన్నది. వారానికి పదివేల మంది చొప్పున వెళ్లగొడతామని 2024 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఒక్క సంవత్సరంలో సరిహద్దు దాటించిన వారి లెక్క రెండున్నర లక్షలు మించింది. 2025 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పుకు వచ్చిన స్త్రీని కూడా కాగితాలు అడుగుతున్నారు. లేకపోతే వైద్యం చేసి, తేరుకున్నాక పంపిస్తారు.

ఇది పత్రికా వార్త గదా, సాహిత్య విమర్శకు దీనితో ఏం పని అని అడిగేవారుంటారు. నాకు పని పడ్డది ఒక విద్యార్థి మూలంగా. మా కాలేజీలో కొందరం సాయంత్రాలు కూర్చుని ఇతర దేశాల నవలలు చదువుతూ ఉంటాం. మొన్న వేసవి ముందు జాక్ స్తెఫాన్ అలెక్సీ నవల తీసుకున్నాం. ఫ్రెంచిలో 1955లో వచ్చింది, ఇంగ్లీషులోకి 1999లో గాని రాలేదు. పేరును ‘సూర్యుడు మన సేనాని, మన సోదరుడు’ అని తెలుగు చెయ్యవచ్చు. చివరి ప్రకరణం చదవటం అయ్యాక, ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడొకడు, “చంపటం తప్పే సార్, కాదనను. కాని గడువు దాటి ఉన్నవాళ్లను పంపించెయ్యటంలో తప్పేముంది? ఏ దేశమైనా చేసేదే గదా?” అన్నాడు. నేను సామ్రాజ్యవాదం గురించి, చక్కెర కంపెనీల గురించి అరగంట మాట్లాడాను. ఆ అరగంటలోనూ అతని ప్రశ్నకు జవాబు లేదు. అతని అన్న అమెరికాలో ఉన్నాడనీ, చదువు వీసా చిక్కుల్లో పడ్డదనీ తరువాత తెలిసింది. 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వమే మిషిగన్‌లో బూటకపు విశ్వవిద్యాలయం ఒకటి పెట్టి, అందులో చేరినవాళ్లను పట్టుకున్నప్పుడు వాళ్లలో చాలామంది తెలుగు పిల్లలే. కుర్రాడు అన్నను తిడుతున్నాడా, అన్న కోసం భయపడుతున్నాడా అన్నది నాకు స్పష్టం కాలేదు. కాని ఆ ప్రశ్న పట్టుకుని నవలను మళ్లీ చదివాను. దానితోబాటు ఆ దీవి గురించి వచ్చిన మరికొన్ని రచనలూ చదివాను. చదివాక, ఆరేళ్ల కిందట ఈ నవల మీద నేనే రాసిన వ్యాసం చూసుకుంటే సిగ్గు వేసింది.

అప్పుడు రాసింది యిది: ఇది ఫాసిస్టు నియంతృత్వాన్ని ఎండగట్టిన నవల, త్రుహీయో అనే నియంత 1937 అక్టోబరులో వేలాది హైతీ కూలీలను కత్తులతో నరికించాడు, ఆ ఘోరాన్ని శ్రామికవర్గ దృక్పథంతో చిత్రించిన మహత్తర రచన. ఇందులో అబద్ధం లేదు. కాని ఘోరాన్ని ఘోరమనటానికి విమర్శకుడు అక్కర్లేదు. కత్తి పట్టినవాణ్ణి చూసి నేను అక్కడితో ఆగిపోయాను. కత్తికి ముందు ఒక మాట ఉన్నది. ‘వీడు మనవాడు కాదు, వచ్చినవాడు’ అనే మాట. ఆ మాటను ఎవరికి అంటున్నారు, ఎవరికి అనటం లేదు అని నేను చూడలేదు.

అలెక్సీ చూశాడు. కథానాయకుడు ఇలారియోన్ ఆకలికి తాళలేక దొంగతనం చేసి జైలుకు పోతాడు. అక్కడ ఒక కమ్యూనిస్టు ఖైదీ పరిచయమవుతాడు. ఆ పాత్రకు మాతృక జాక్ రూమేన్ అని అందరికీ తెలిసిందే. బయటికి వచ్చి పెళ్లి చేసుకుని బతుకుదామనుకుంటాడు, బతుకు సాగదు. భార్యతో సరిహద్దు దాటి చెరకు తోటలకు పోతాడు. అక్కడ సమ్మె జరుగుతుంది, కార్మిక నాయకుణ్ణి చంపుతారు, తరువాత నరమేధం మొదలవుతుంది. సరిహద్దు నది దగ్గర, సొంత దేశానికి తిరిగి చేరుకుంటూ ఇలారియోన్ చనిపోతాడు. ఆ నదిని మాసకర్ నది అంటారు. ఆ పేరు 1937కు ముందు నుంచే ఉన్నది. ఈ కథలో రెండో సారి గాని నా దృష్టికి రాని విశేషం ఒకటున్నది. ఇలారియోన్ తోటలో చెరకు నరుకుతున్నంత కాలం అతన్ని ఎవరూ పరదేశి అనరు. సమ్మె వచ్చాకనే పరదేశి అవుతాడు. పని చేసే చేతికి దేశం లేదు. పిడికిలి బిగించిన చేతికి వెంటనే దేశం పుట్టుకొస్తుంది. దీన్ని అలెక్సీ ఉపన్యాసంగా చెప్పడు. కథాగమనంలో చూపిస్తాడు. ఆయన ఉపన్యాసాలు వేరే చోట ఉన్నాయి, ఆ పుటలు కొంచెం బరువే.

అలెక్సీ అంతంకూడా ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. 1961లో కొద్దిమంది అనుచరులతో క్యూబా వైపు నుంచి పడవలో స్వదేశంలో దిగి, దువాలియే మనుషులకు చిక్కి, హతమయ్యాడు. సొంత దేశంలో అడుగు పెట్టటానికే అతనికి అనుమతి లేదు.

కూలి మీద జాలితో రాసినవారు ఆ దీవిలో ఇంకా ఉన్నారు, అందులో డొమినికన్లూ ఉన్నారు. హువాన్ బోష్ కథ ‘లూయీస్ పియే’ ఒక్కటి చాలు. కారులో పోతూ ఒక కలవాడు విసిరేసిన అగ్గిపుల్లతో చెరకు తోట అంటుకుంటుంది. కాలి పుండుతో నడవలేక ఆ తోటలో పాకుతున్న హైతీ కూలి మీద నేరం పడుతుంది. ఈ బోష్ తరువాత 1963లో దేశాధ్యక్షుడై, ఏడు నెలలకే సైనిక కుట్రలో పదవి పోగొట్టుకున్నాడు. ఆయన్ను తిరిగి తెచ్చుకుందామని ప్రజలు 1965లో లేచినప్పుడు అమెరికా సేనలు దిగాయి. మర్రేరో అరిస్టీ 1939 నవల ‘ఓవర్’ తోటలోని కంపెనీ దుకాణం కథ. కూలీల తూకంలో కొట్టేసి గుమాస్తా యజమానికి చూపించవలసిన మిగులు పేరే ‘ఓవర్’. స్పానిష్ నవలకు ఇంగ్లీషు పేరు ఎందుకని అడగనక్కర్లేదు, చక్కెర మిల్లు ఎవరిదో తెలిస్తే చాలు. హైతీలో కమ్యూనిస్టు పార్టీని 1934లో స్థాపించిన రూమేన్ రాసిన ‘మంచుబిందువుల స్వాములు’ 1944లో, ఆయన పోయాక అచ్చయింది. అందులో మాన్యుయెల్ పదిహేనేళ్లు క్యూబా తోటల్లో పని చేసి, సమ్మె అనే మాట నేర్చుకుని ఊరికి తిరిగి వస్తాడు. మన అభ్యుదయ విమర్శకులకు ఈ నవల అంటే ఇష్టం, నాకూ ఇష్టమే. అయితే మాన్యుయెల్ తిరిగి వచ్చాడు కాబట్టి మనకు అంత సుఖంగా ఉన్నదేమోనని ఇప్పుడు అనుమానం. వలసపోయినవాడు తిరిగి వచ్చి నీళ్లు తవ్వితే కథానాయకుడు. అక్కడే ఉండిపోతే?

ఉండిపోయినవాళ్ల కథకు మరొక రచయిత పుట్టవలసి వచ్చింది. దాని సంగతికి వచ్చే ముందు ఆ దేశపు చట్టంలో ఉన్న ఒక్క మాట చెప్పాలి. సాహిత్య విద్యార్థికి అంతకన్న మంచి పాఠం దొరకదు.

1929 రాజ్యాంగం ప్రకారం డొమినికన్ గడ్డ మీద పుట్టినవాళ్లంతా ఆ దేశ పౌరులు, రాయబారుల పిల్లలూ, ‘దారిన పోతున్న’ పరదేశుల పిల్లలూ తప్ప. దారిన పోవటమంటే ఏమిటి? 1939 నాటి వలస నిబంధనలు పది రోజుల లోపు అన్నాయి. మాటకు ఉన్న అర్థమూ అదే: ఓడ మారుతున్నవాడు, రెండు రాత్రులు సత్రంలో పడుకుని పోయేవాడు, బాటసారి. ఇక చెరకు కూలీలను ఎవరు తెచ్చారు? 1952 నుంచి 1986 దాకా రెండు ప్రభుత్వాలే ఒప్పందాలు రాసుకుని తెచ్చాయి. మిల్లుల పక్కన బతెయ్ అనే కూలిపేటలు కట్టి పెట్టాయి. అక్కడ వాళ్లు ముసలివాళ్లయ్యారు, పిల్లల్ని కన్నారు, ఆ పిల్లలు పిల్లల్ని కన్నారు. 2013 సెప్టెంబరు 23న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది: ఆ కూలీలు అన్నేళ్లూ దారిన పోతున్నవాళ్లే, కాబట్టి 1929 నుంచి వాళ్లకు పుట్టినవాళ్లెవరూ పౌరులు కారు. కాగితం లేకపోవటమూ దారిన పోవటమూ ఒకటి కావని 2005లోనే అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం చెప్పి ఉన్నది, అయినా లాభం లేకపోయింది. రెండు లక్షల మందికి పైగా పౌరసత్వం పోయిందని ఆనాటి అంచనాలు. 2014లో ఒక చట్టం చేసి కొందరికి తిరిగి ఇచ్చారు. పుట్టుక నమోదు లేనివాళ్లు పరదేశులుగా దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది, పుట్టిన ఊళ్లోనే.

ఇప్పుడు రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టండి. యాభయ్యేళ్లు ఒక్క చోట నడుం వంచినవాడు బాటసారి. ముప్ఫై రోజులకని వచ్చి పదేళ్లు ఉయ్యాలమంచం మీద పడుకున్నవాడు యాత్రికుడు. రెండూ నడిచేవాణ్ణి సూచించే మాటలే, రెండూ అబద్ధాలే. ఒక అబద్ధం ఉండనిస్తుంది, మరొకటి పొమ్మంటుంది. అభ్యుదయ సాహిత్యం భాషను గురించి పట్టించుకోదనీ, అది రూపవాదుల పని అనీ మన మీద ఒక అపవాదు ఉన్నది. ఈ రెండు మాటల తేడాలో ఎన్ని కుటుంబాలు నలిగాయో చూసినవాడు భాషను పట్టించుకోకుండా ఎట్లా ఉండగలడు?

ఎడ్విజ్ డాంటికా నవల ‘ఎముకల సేద్యం’ (1998) ఈ పని చేస్తుంది, గొంతు పెంచకుండా. ఇదీ 1937 కథే. చెప్పేది అమాబెల్ అనే హైతీ దాసి. తల్లిదండ్రులు సరిహద్దు నదిలో కొట్టుకుపోతే, గట్టున ఏడుస్తున్న పిల్లను ఒక డొమినికన్ కుటుంబం తీసుకువచ్చి పెంచి పనిమనిషిని చేసుకున్నది. ఆ ఇంటి కూతురు వలెన్సియా, అల్లుడు త్రుహీయో సైన్యంలో అధికారి. పెద్దాయన, అంటే వలెన్సియా తండ్రి, స్పెయిన్ నుంచి వచ్చినవాడు. నవల పొడుగునా ఆయన రేడియో దగ్గర కూర్చుని స్పెయిన్ అంతర్యుద్ధం వార్తలు వింటూ ఉంటాడు. పుట్టిన దేశం మీద బెంగ ఆయనకు. ఆ ఇంట్లో అసలు పరదేశి ఆయనే. అమాబెల్ చిన్నతనం నుంచి ఆ ఇంట్లోనే పెరిగింది. కాని కాగితం అడిగేది ఆమెను. పెద్దాయనను అడగాలని ఆ దేశంలో ఎవరికీ తట్టదు. నవలలో ఆయనకూ తట్టదు. డాంటికా కూడా ఎక్కడా వేలు పెట్టి చూపించదు; ఆ రేడియోను అట్లా మోగనిస్తుంది. రెండో సారి చదివేటప్పుడు నన్ను ఆపింది ఈ రేడియోనే. ఆయన చెడ్డవాడు కూడా కాదు. అల్లుడితో కలిసి వస్తుంటే కారు ఒక చెరకు కూలిని గుద్ది చంపుతుంది. అల్లుడికి అది లెక్క లేదు, పెద్దాయనకు మనసులో ముల్లు దిగుతుంది. ఆయన మంచితనంతోనూ సమస్య తీరదు. చూడవలసింది అది.

వలెన్సియాకు కవలలు పుడతారు: మగపిల్లవాడు తెలుపు, ఆడపిల్ల చామనచాయ. పిల్ల రంగు ఎప్పుడూ ఇట్లాగే ఉంటుందా, దీన్ని మీవాళ్లలో ఒకతె అని పొరబడితే ఎట్లా అని ఆ తల్లి అమాబెల్‌నే అడుగుతుంది. ఆమె భయం ఊహామాత్రం కాదు. నల్లని చర్మం గల అమెరికన్ పౌరులను డొమినికన్ వలస అధికారులు ఆపి నిర్బంధిస్తున్నారని 2022 నవంబరులో అక్కడి అమెరికన్ రాయబార కార్యాలయమే తన పౌరులను హెచ్చరించింది. జేబులో పాస్‌పోర్టు ఉండి, గడువు దాటకపోయినా రంగు పొరబాటయితే లారీ దగ్గరికి నడవవలసిందే. మా కుర్రాడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడున్నది. గడువు దాటినందుకు పంపటం లేదు బాబూ. ఎవర్ని పంపాలో ముందు నిశ్చయించుకుని, ఆ తరువాత గడువు చూస్తున్నారు.

మరొక దృశ్యం. కారు కింద పడి చనిపోయిన కూలి తాలూకు వాళ్లను వలెన్సియా ఇంట్లోకి పిలిచి, తన మంచి కప్పుల్లో కాఫీ ఇస్తుంది. భర్త ఇంటికి వచ్చి సంగతి విని ఆ కప్పులన్నీ పగలగొడతాడు. మన పల్లెల్లో హోటలు గ్లాసుల కథ తెలిసిన పాఠకుడికి దీనిమీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక అవతలి వర్గం. ఉండిపోయిన తెల్లవాణ్ణి నడిమధ్యన కూర్చోబెట్టిన ప్రసిద్ధ నవల, నాకు తెలిసినంతలో, గ్రాహం గ్రీన్ 1966లో రాసిన ‘ది కమేడియన్స్’. బ్రౌన్ మొనాకోలో పుట్టాడు, తల్లి వదిలిపోయిన హోటలు కోసం హైతీలో ఉంటాడు, ఏ దేశం మీదా మమకారం లేదు. ఆఖరుకు డొమినికన్ రిపబ్లిక్ చేరి, శవసంస్కారాల వ్యాపారంలో భాగస్వామి అవుతాడు. అదే సరిహద్దును ఇలారియోన్ కూడా దాటాడు, తిరిగి వస్తూ చచ్చిపోయాడు. బ్రౌన్‌కు ఉద్యోగం దొరికింది. దేశం లేకపోవటం ఒకడికి తాత్త్విక విచారం, మరొకడికి మరణం. గ్రీన్‌కు ఈ తేడా తెలియదని అనను. నవలలో మాజియో అనే నల్లజాతి కమ్యూనిస్టు వైద్యుణ్ణి అంత గౌరవంగా నిలబెట్టినవాడు తెలియక రాయలేదు. కాని నవల బరువంతా బ్రౌన్ విసుగు మీదనే పడింది. మాజియో మంచి చావు చచ్చి పుటల్లోంచి తప్పుకుంటాడు. మన మధ్యతరగతి నవలల్లో కూడా కూలి ఇట్లాగే సకాలంలో తప్పుకుంటూ ఉంటాడు.

జమైకా కిన్‌కెయిడ్ చిన్న పుస్తకం ‘ఎ స్మాల్ ప్లేస్’ (1988) పక్కనున్న ఆంటిగువా దీవి గురించి. ఆమె యాత్రికుణ్ణే ఎదురుగా నిలబెట్టి పుస్తకం పొడుగునా కడిగేస్తుంది. దీన్ని తెలుగు చేస్తే ఇంగ్లీషులోని ఆ ఒక్క సంబోధనకు ‘నువ్వు’ వాడాలా, ‘మీరు’ వాడాలా? మా గోష్ఠిలో గంటసేపు కొట్టుకున్నాం. నా ఓటు ‘తమరు’కు. ఆ పుస్తకం కోపం నాకు నచ్చింది. కాని అందులోని యాత్రికుడు విమానం ఎక్కి పోయేవాడు. సోసువాలో ఇల్లు తీసుకుని, వంటమనిషిని పెట్టుకుని, ఏడాదికోసారి పట్టికలో తన వరస చూసుకునేవాడు ఆ కోపానికి కూడా అందలేదు.

ఆ సోసువా ఊరికే ఒక చరిత్ర ఉన్నది. 1938లో ఎవియాన్ సమావేశంలో యూదు కాందిశీకులను తీసుకోవటానికి పెద్ద దేశాలన్నీ వెనకాడుతుంటే, లక్షమందిని తీసుకుంటానన్నవాడు త్రుహీయో. నరమేధం జరిగి ఏడాది కాలేదు. హైతీ ప్రభుత్వం ఏడు లక్షల యాభైవేల డాలర్ల పరిహారానికి ఒప్పుకుని, చివరికి అయిదు లక్షల ఇరవైఅయిదు వేలతో సరిపెట్టుకున్నది. పోయిన పరువు తెచ్చుకోవటానికీ, దేశంలో తెల్లరంగు పెంచటానికీ త్రుహీయోకు కాందిశీకులు పనికివచ్చారు. యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ వదిలిపోయిన అరటి తోట భూమి ఇచ్చారు. 1940 నుంచి కొన్ని వందల మంది వచ్చి పాడి పెట్టుకుని బతికారు. హిట్లరు చేతికి చిక్కకుండా బతికిన ఆ వందల మందిని తలుచుకుంటే ఎవరికైనా సంతోషమే. తలుపు తెరిచినవాడి చేతిని చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది.

నా మాటలకు మిత్రులు కొందరు అభ్యంతరం చెప్పారు. డొమినికన్ రిపబ్లిక్ చిన్న దేశం, 1916 నుంచి 1924 దాకా ఒకసారి, 1965లో మరొకసారి అమెరికా బూట్ల కింద పడ్డ దేశం; దాని సార్వభౌమత్వాన్ని మనం తక్కువ చెయ్యవచ్చునా? 2021 జూలైలో హైతీ అధ్యక్షుడు హత్య అయినప్పటి నుంచి ఆ దేశంలో ముఠాల రాజ్యం. ఆ బరువంతా పొరుగువాడే మొయ్యాలా? డొమినికన్లే నాటు పడవలెక్కి ప్యూర్టో రికోకు దొంగతనంగా పోతుంటే వాళ్లను పట్టుకుని పంపుతున్నారు గదా? ఇవి తేలికగా తోసెయ్యదగిన మాటలు కావు. పొరుగు ఇంటి మంట ఆర్పవలసినవాళ్లు, ముఖ్యంగా 1915 నుంచి 1934 దాకా హైతీ నెత్తిన కూర్చున్న అమెరికా, తప్పుకుంటే చిన్నదేశం మీద భారం పడుతున్న మాట నిజం. అయినా సార్వభౌమత్వానికి ఒక్క గుమ్మం దగ్గరే మెలకువ ఉండటం ఏమిటి? వెనిజులా నుంచి యాత్రికులుగా వచ్చి గడువు దాటి ఉండిపోయిన వేలమందికి ఇదే ప్రభుత్వం 2021లో ఒక పథకం పెట్టి కాగితాలు ఇచ్చింది. మంచి పనే. హైతీవాళ్ల కోసం కూడా 2014-15లో ఒక పథకం పెట్టారు, రెండు లక్షల ఎనభైవేల మందికి పైగా వరసల్లో నిలబడి దరఖాస్తు ఇచ్చారు. చాలామందికి దొరికింది తాత్కాలికపు చీటీ, దాన్ని మళ్లీ మళ్లీ కొత్తది చేయించుకోవటం మరొక యుద్ధం. చట్టానికి క్షమించటం రాదని అనలేం. ఎవర్ని క్షమించాలో దానికి బాగా తెలుసు.

ఒక సంగతి స్పష్టం చెయ్యాలి. ఆ తెల్ల ముసలివాళ్లను కూడా లారీ ఎక్కించమని నేను అనటం లేదు. వాళ్లలో చాలామంది దొరలేమీ కారు. టొరంటోలోనో హాంబర్గులోనో పింఛను ఇంటి అద్దెకు చాలక, చలికి తట్టుకోలేక వచ్చినవాళ్లున్నారు. వాళ్లనూ ఒక ఆర్థిక వ్యవస్థే తరిమింది. అందుకే వాళ్లు నవలకు పనికివస్తారంటాను. ఆ ముసలివాడి వంటింట్లో అంట్లు తోముతున్న హైతీ స్త్రీ, వీధిలో లారీ చప్పుడు వినపడగానే తలుపు వెనక్కు పోతుంది. ముసలివాడు వెళ్లి వాకిట్లో నిలబడి పోలీసులతో మాట్లాడతాడు. ఇద్దరి దగ్గరా కాగితం లేదు. ఈ దృశ్యం నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు. కూలి మీద జాలిపడే సాహిత్యం ఉన్నది, యాత్రికుడి మీద మండిపడే సాహిత్యం ఉన్నది. ఇద్దర్నీ ఒకే గదిలో, ఒకే నేరం కింద నిలబెట్టటానికి డాంటికా దాకా ఆగవలసి వచ్చింది, ఆమె కూడా రేడియో చాటునే నిలబెట్టింది.

ఈ సంగతులతో మనకూ ఒక చుట్టరికం ఉన్నది. బానిసత్వం రద్దయ్యాక ఆ సముద్రంలోని చక్కెర తోటలకు కూలీలు కావలసి వచ్చి, 1845 నుంచి మద్రాసు రేవు మీదుగా బ్రిటిష్ గయానాకూ ట్రినిడాడుకూ, 1854 నుంచి ఫ్రెంచివారి గ్వాడలూపుకూ ఓడలు నడిపారు. తమిళులతో బాటు తెలుగువాళ్లూ వాటిలో పోయారు. ఒప్పందం కొన్నేళ్లకే, అది తీరాక తిరుగు ప్రయాణం ఇస్తామన్నారు. చాలామంది తిరిగి రాలేదు. గడువు దాటి ఉండిపోయారు. గ్వాడలూపులో పుట్టిన వాళ్ల సంతానాన్ని ఫ్రెంచి పౌరులుగా ఒప్పుకోకపోతే, ఆన్రీ సిదంబరం అనే ఆయన 1904లో వ్యాజ్యం మొదలుపెట్టి 1923 దాకా పోరాడి గెలిచాడు. ఈ పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేదు. వాళ్లను గురించి తెలుగులో ఎవరైనా నవల రాస్తే, వాళ్లను ఏ మాటతో పిలుస్తాడా అని ఆలోచిస్తాను.

ఎందుకంటే మాట దగ్గరే మనవాళ్లు కూడా జారుతున్నారు. మిత్రుడొకడు ‘ఎముకల సేద్యం’ నుంచి కొన్ని ప్రకరణాలు తెలుగు చేసి నాకు చూపించాడు, ఇంకా అచ్చు కాలేదు. తెలుగు ఒరవడి బాగుంది. చెరకు కూలీలను అన్నిచోట్లా ‘వలసకూలీలు’ అన్నాడు, స్పెయిన్ పెద్దాయనను ‘పెద్దదొర’ అన్నాడు. ఆయన కూడా వలస వచ్చినవాడే గదయ్యా, కనీసం ఒక్క చోటయినా ఆ మాట పెట్టు అన్నాను. పెడితే పాఠకుడు ఎవర్ని గురించో తెలియక తడబడతాడన్నాడు. తడబడనీ అన్నాను. ఆ పుట ఇంకా అతని దగ్గరే ఉన్నది.